కాందిశీకుల కథ: కుంచె, కెమెరా, తెలుగు నేల

తెలుగు నిఘంటువుల్లో 'కాందిశీకుడు' అనే మాట ఉంది. సంస్కృతం నుంచి వచ్చిన ఈ మాటలో ఒక ప్రశ్న దాగి ఉంది. 'కాం దిశం' అంటే 'ఏ దిక్కుకు?' అని. ఎటు పోవాలో తోచక ప్రాణభయంతో పరుగెత్తేవాడే కాందిశీకుడు. దీనికి బదులుగా నేటి పత్రికలు వాడే 'శరణార్థి' అదే మనిషిని మరో వైపు నుంచి చూస్తుంది. శరణార్థి అప్పటికే మన గుమ్మం ముందుకు వచ్చి నిలబడ్డాడు, ఆశ్రయం అడుగుతున్నాడు. మొదటి మాటలో పరుగు కనిపిస్తే రెండో మాటలో తలుపు చప్పుడు వినిపిస్తుంది. ఆ పరుగునూ ఆ చప్పుడునూ ఇంట్లో క్షేమంగా ఉన్నవారికి చేరవేసే పనిని చిత్రకళ, ఛాయాచిత్రం, పాట, బొమ్మలాట, డాక్యుమెంటరీ సినిమా తమ భుజాన వేసుకున్నాయి.

1951 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడిక ప్రకారం జాతి, మతం, జాతీయత, రాజకీయ అభిప్రాయం, ఒక సామాజిక వర్గానికి చెంది ఉండటం అనే కారణాల్లో ఏదో ఒకదాని వల్ల హింసకు గురవుతామన్న భయంతో దేశం విడిచినవారు శరణార్థులు. భారతదేశం ఈ ఒడంబడికపై సంతకం చేయలేదు. 2024 చివరి నాటికి ప్రపంచంలో బలవంతంగా ఇల్లు విడిచినవారు 12.32 కోట్ల మంది అని ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ లెక్క కట్టింది. వారిలో 7.35 కోట్ల మంది సొంత దేశం సరిహద్దు దాటనేలేదు. తెలుగులో ఇలాంటివారికి వేరే పేర్లున్నాయి: ముంపు బాధితులు, నిర్వాసితులు, వలస కూలీలు. చట్టం వీరిని వేర్వేరు అరల్లో పెడుతుంది. సినిమాకూ చిత్రానికీ ఆ అరలు అడ్డం రావు కాబట్టి ఈ వ్యాసం అందరినీ కలిపే చూస్తుంది.

రెండు చెరువుల మధ్య

హైదరాబాద్ నుంచి చేవెళ్ల వెళ్లే దారిలో మొయినాబాద్ వస్తుంది. ఒక పక్క ఉస్మాన్‌సాగర్, మరో పక్క హిమాయత్‌సాగర్. ఈ రెండు జలాశయాలూ ఒక మహా విపత్తు తర్వాత పుట్టాయి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచెత్తినప్పుడు దాదాపు 15,000 మంది చనిపోయారని చెబుతారు. ఇళ్లు పోయినవారి సంఖ్య అంతకు ఎన్నో రెట్లు. ఇలాంటి వరద మళ్లీ రాకూడదని మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాపై మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ నది మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి.

ఆ వరదకు కూడా ఒక కళాసాక్ష్యం ఉంది. ఉర్దూ రుబాయీల కవి అమ్జద్ హైదరాబాదీ ఆ రాత్రి తల్లినీ భార్యనీ కూతురినీ పోగొట్టుకుని తానొక్కడే బతికి బయటపడ్డాడు. తర్వాత 'ఖయామతే సుగ్రా' అనే కవిత రాశాడు. 'చిన్న ప్రళయం' అని ఆ పేరుకు అర్థం. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు కొమ్మలు పట్టుకుని సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. విపత్తును తర్వాతి తరాలకు గుర్తుచేసేవి ఇలాంటివే: ఒక కవిత, ఒక చెట్టు, కొన్ని పాత ఫొటోలు.

మొయినాబాద్ మండలంలోనే, ఉస్మాన్‌సాగర్ ఒడ్డున చిలుకూరు బాలాజీ ఆలయం ఉంది. విదేశాలకు వెళ్లాలనుకునే తెలుగు యువతీయువకులు అక్కడికి వచ్చి 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకుంటారు. వీసా వచ్చాక తిరిగి వచ్చి 108 ప్రదక్షిణలు చేస్తారు. 'వీసా బాలాజీ' అన్న పేరు అలా వచ్చింది. చేతిలో సరైన కాగితం ఉంటే ప్రయాణం ఎంత ఆశతో సాగుతుందో ఆ ప్రాంగణంలో తెలుస్తుంది. ఇదే రంగారెడ్డి జిల్లాలో, నగరానికి మరో కొసన బాలాపూర్ ఉంది. మయన్మార్ నుంచి వచ్చిన రోహింగ్యాలు అక్కడి గుడారాల్లో, రేకుల ఇళ్లలో ఉంటున్నారు. వారి దగ్గర ఉన్న కాగితం శరణార్థుల సంస్థ ఇచ్చిన చిన్న కార్డు మాత్రమే. చిలుకూరులో కనిపించే కాగితం విలువ తెలిసినవారికి బాలాపూర్‌లో కనిపించని కాగితం బరువు చెప్పడం కష్టం కాదు. ఈ ప్రాంతంలో ఎవరైనా డాక్యుమెంటరీ తీయదలిస్తే కథ ఇక్కడే సిద్ధంగా ఉంది.

ప్రజల్ని కదిలించడానికి దృశ్యాన్ని వాడుకోవడం ఈ దారికి కొత్త కాదు. చేవెళ్ల రోడ్డుకు రెండు వైపులా ఉన్న సుమారు 900 మర్రిచెట్లు జాతీయ రహదారి 163 విస్తరణలో పోతాయన్నప్పుడు ప్రకృతి ప్రేమికులు ఆ చెట్ల కింద నడకలు పెట్టారు, ఒక్కొక్క చెట్టునూ లెక్కించి ఫొటోలు తీశారు, జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లారు. అంతవరకూ కారు అద్దంలోంచి పచ్చటి గీతలా జారిపోయిన వరస అప్పటినుంచి ఒక్కో చెట్టుగా కనిపించసాగింది. శరణార్థుల విషయంలోనూ కళ చేయాల్సిన మొదటి పని ఇదే. గుంపుగా కనిపించేవారిని ఒక్కొక్కరుగా చూపించడం.

పటం కథ నుంచి తెర దాకా

బొమ్మ చూపిస్తూ కథ చెప్పడం తెలుగువారికి సినిమా నేర్పిన విద్య కాదు. చేర్యాల నకాషీ కళాకారులు పొడవాటి గుడ్డ పటం మీద వరసగా బొమ్మలు వేసేవారు. కథకులు ఆ పటాన్ని ఊరి మధ్య వేలాడదీసి, ఒక్కో గడిని చూపిస్తూ ఒక్కో కులానికి దాని పుట్టుక చెప్పేవారు. 'మేము ఎక్కడి నుంచి వచ్చాం?' అన్న ప్రశ్నకు జవాబు ఆ పటంలో దొరికేది. బెంగాల్‌లో పటువాలు ఇదే పద్ధతిలో సునామీ వంటి నేటి విపత్తులను కూడా చుట్టల మీద గీసి పాడుతున్నారు.

తోలుబొమ్మలాట మరో వారసత్వం. దీపం వెలుగులో తెర మీద కదిలే మనిషంత బొమ్మను చూసి ఊరు ఊరంతా ఏడ్చిన, నవ్విన రాత్రులు పెద్దవారికి గుర్తుంటాయి. 2021లో ఐరోపాలో జరిగిన ఒక ప్రయోగాన్ని అందుకే తెలుగు పాఠకులు సులువుగా అర్థం చేసుకోగలరు. దక్షిణాఫ్రికాకు చెందిన హ్యాండ్‌స్ప్రింగ్ బొమ్మలాట బృందం మూడున్నర మీటర్ల ఎత్తున్న ఒక బాలిక బొమ్మను తయారుచేసింది. పేరు 'లిటిల్ అమల్'. తల్లిని వెతుక్కుంటూ వచ్చిన సిరియా శరణార్థి బాలికగా ఆ బొమ్మ టర్కీలోని గాజియాన్‌తెప్ నుంచి ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ దాకా దాదాపు 8,000 కిలోమీటర్లు నడిచింది. దారి పొడవునా బడిపిల్లలు, సంగీత బృందాలు ఎదురు వెళ్లి స్వాగతం పలికారు. కొన్నిచోట్ల నిరసనలూ ఎదురయ్యాయి. ఒక బొమ్మ వీధిలోకి వస్తే ఆ ఊరి మనసులో ఏముందో కూడా బయటపడుతుంది.

1940లలో ప్రజానాట్యమండలి బుర్రకథనూ నాటకాన్నీ పట్టుకుని కరువు, దోపిడీ, యుద్ధం గురించి ఊరూరా చెప్పింది. ఆ దళాలు ఊరికి వెళ్లి, ఊరివారి భాషలో, ఊరివారికి తెలిసిన బాణీలో కథ చెప్పాయి. నేటి డాక్యుమెంటరీకి కూడా ఇంతకంటే మంచి దారి మరొకటి కనిపించదు.

రంగూన్ నుంచి కాలినడకన

తెలుగువారు స్వయంగా కాందిశీకులైన ఘట్టం ఒకటుంది. దాని మీద తెలుగులో వచ్చిన కళ మాత్రం చాలా తక్కువ.

పందొమ్మిదో శతాబ్దంలో గోదావరి ముఖద్వారంలోని కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వేల మంది బర్మా వెళ్లారు. రేవు పేరు మీదే బర్మాలో తెలుగు కూలీలను 'కోరంగీలు' అన్నారు. రంగూన్ రేవులో సరుకు దించేవారిలో, ధాన్యం మిల్లుల్లో, రిక్షాలు లాగేవారిలో వీరే ఎక్కువ. 1930 మే నెలలో రేవు కూలీల సమ్మె తర్వాత వీరిపై పెద్ద ఎత్తున దాడులు జరిగి అనేకమంది చనిపోయారు. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. 1942 మార్చి 8న నగరం జపాన్ చేతికి చిక్కింది. ఓడల్లో చోటు దొరకని లక్షలాది భారతీయులు నడక మొదలుపెట్టారు. కొందరు అరకాన్ కొండల మీదుగా చిట్టగాంగ్ వైపు, కొందరు తము మీదుగా మణిపూర్ వైపు, మిగిలినవారు హుకాంగ్ లోయ గుండా అస్సాంలోని లేడో వైపు నడిచారు. మలేరియా, విరేచనాలు, ఆకలి, వానలు. దారిలో పదుల వేల మంది రాలిపోయారు. తెల్లవారికి మంచి దారి, భారతీయులకు కష్టమైన దారి కేటాయించారన్న బాధ ఆనాటి వారి మాటల్లో మళ్లీ మళ్లీ వినిపిస్తుంది. చరిత్రకారుడు హ్యూ టింకర్ 1975లో దీని మీద రాసిన వ్యాసానికి 'మరచిపోయిన సుదీర్ఘ నడక' అని అర్థం వచ్చే పేరు పెట్టాడు.

ఈ నడకకు కదిలే చిత్రం కూడా ఉంది. అస్సాంలో తేయాకు వ్యాపారంలో ఉన్న గైల్స్ మెక్‌రెల్ 1942 జూన్‌లో తన ఏనుగులతో వెళ్లి, పొంగుతున్న డాఫా నది దాటలేక చిక్కుకుపోయినవారిని ఒడ్డుకు చేర్చాడు. వెంట చిన్న కెమెరా ఉంది. ఏనుగులు ప్రవాహానికి ఎదురీదుతున్న ఆ దృశ్యాలు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలోని దక్షిణాసియా అధ్యయన కేంద్రంలో భద్రంగా ఉన్నాయి. ఆయన సినిమా దర్శకుడు కాదు, అవగాహన కల్పించాలని తీసినవీ కావు. అయినా ఆ మహాప్రస్థానానికి కంటికి కనిపించే సాక్ష్యం కావాలంటే ఇప్పుడు అక్కడికే వెళ్లాలి.

1962లో బర్మాలో సైన్యం అధికారంలోకి వచ్చి దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేశాక రెండో విడత మొదలైంది. 1964 నుంచి పెద్ద సంఖ్యలో భారత సంతతివారు చేతిసంచులతో స్వదేశానికి తిరిగి వచ్చారు. ప్రభుత్వ పత్రాలు వీరిని 'స్వదేశాగతులు' అన్నాయి. అక్కడే పుట్టిన పిల్లలకు మాత్రం ఇది కొత్త దేశం. వీరికీ శ్రీలంక నుంచి వచ్చినవారికీ సాయపడేందుకు 1969లో మద్రాసులో రెప్కో బ్యాంకు పుట్టింది. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అన్న పేరు ఇప్పటికీ ఆ రాకను గుర్తుచేస్తుంది. తెలుగు నాటకానికీ సినిమాకూ రంగూన్ అంటే 'రంగూన్ రౌడీ'. రంగూన్ నుంచి నడిచి వచ్చినవారి కథ తెరకెక్కినట్టు కనిపించదు.

విభజన చిత్రాలు, అయిదు పైసల బిళ్ల

భారతీయ సినిమాలో శరణార్థి మొదట బెంగాలీలో బలంగా మాట్లాడాడు. ఢాకాలో పుట్టి కలకత్తా చేరిన రిత్విక్ ఘటక్ 'మేఘే ఢాకా తారా' (1960), 'కోమల్ గాంధార్' (1961), 'సువర్ణరేఖ' అనే మూడు చిత్రాల్లో ఇల్లు పోగొట్టుకున్నవారి లోపలి గాయాన్ని చూపించాడు. ఎం.ఎస్. సత్యు 'గరమ్ హవా' (1973) ఆగ్రాలోని ఒక ముస్లిం కుటుంబం వెళ్లాలా, ఉండాలా అని నలిగిపోవడాన్ని చూపింది. చిత్రకళలో సతీష్ గుజ్రాల్ విభజన నాటి దుఃఖాన్ని మెలికలు తిరిగిన దేహాలుగా గీశాడు. 2017లో అమృత్‌సర్‌లో తెరుచుకున్న విభజన మ్యూజియం కాందిశీకులు వెంట తెచ్చుకున్న బట్టలు, పెట్టెలు, ఉత్తరాలను ప్రదర్శిస్తోంది.

1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి దాదాపు కోటి మంది భారత్‌లోకి వచ్చినప్పుడు కళ చాలా వేగంగా స్పందించింది. జహీర్ రైహాన్ అదే ఏడాది శిబిరాల్లో తిరిగి 'స్టాప్ జెనోసైడ్' అనే 20 నిమిషాల డాక్యుమెంటరీ తీశాడు. ఎస్. సుఖ్‌దేవ్ 1972లో 'నైన్ మంత్స్ టు ఫ్రీడమ్' తీశాడు. 1971 ఆగస్టు 1న న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో రవిశంకర్, జార్జ్ హారిసన్ జరిపిన కచేరీ శరణార్థుల కోసం సంగీతకారులు చేసే పెద్ద కార్యక్రమాలకు దారి చూపింది.

ఆ రోజుల్లో తెలుగు ఇళ్లకు చేరిన శరణార్థి చిత్రం మరొకటుంది. అది తపాలా బిళ్ల. 1971 నవంబరు నుంచి ఉత్తరాల మీద మామూలు బిళ్లతో పాటు అయిదు పైసల శరణార్థి సహాయ బిళ్ల కూడా అంటించాలని కేంద్రం ఆదేశించింది. సినిమా హాలు లేని ఊళ్లో, పత్రిక రాని ఇంట్లో కూడా పోస్ట్‌మ్యాన్ తెచ్చిన ఉత్తరం మీద ఆ బొమ్మ కనిపించింది. దేశమంతా ఒకేసారి చూసిన శరణార్థి చిత్రం బహుశా అదే.

తూర్పు బెంగాల్ నుంచి వచ్చినవారిలో కొందరిని దండకారణ్య ప్రాంతంలోనూ, నేటి తెలంగాణలోని కాగజ్‌నగర్ పరిసరాల్లోనూ స్థిరపరిచారు. ఆ ఊళ్ల పేర్లలో రవీంద్రనగర్, నజ్రుల్‌నగర్ ఉన్నాయి. ఇద్దరు కవుల పేర్లను కొత్త నేల మీద నాటుకోవడంలో వారు విడిచి వచ్చిన భాష మీద ప్రేమ కనిపిస్తుంది.

నీట మునిగిన ఊళ్లు, అడవిలో కొత్త గుడిసెలు

సరిహద్దు దాటకుండానే ఇల్లు పోగొట్టుకున్నవారి కథ తెలుగు నేల మీద పెద్దది. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. నాగార్జునకొండ లోయలోని బౌద్ధ శిథిలాలను పురావస్తు శాఖ ఏళ్ల తరబడి తవ్వి, ముఖ్యమైనవాటిని నీటి మధ్య మిగిలిన కొండ మీదికి చేర్చి, 1966లో మ్యూజియం తెరిచింది. శ్రీశైలం జలాశయంలో మునిగే కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురంలో మళ్లీ కట్టారు. ఆ పనిలో చూపిన శ్రద్ధ మెచ్చుకోదగినది. అదే శ్రీశైలం ముంపులో దాదాపు వంద గ్రామాల ప్రజలు 1981లో పరిహారం చాలక, కొత్త ఊరు ఎక్కడో తెలియక ఇళ్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. తరలించిన గుడిలోని ప్రతి రాయికీ ఒక సంఖ్య వేశారు. తరలిన మనుషుల జ్ఞాపకాలను అంత శ్రద్ధగా ఎవరూ నమోదు చేయలేదు. ఈ ఖాళీని పూరించేందుకు డాక్యుమెంటరీని మించిన సాధనం లేదు.

తెలుగులో ఈ దారి తొక్కినవారిలో ముందుగా చెప్పాల్సిన పేరు బి. నర్సింగరావు. 'మా ఊరు' డాక్యుమెంటరీలో తెలంగాణ పల్లె బతుకును ఓపికగా, వ్యాఖ్యానం ఒత్తిడి లేకుండా పట్టుకున్నాడు. 'మట్టి మనుషులు' (1990) సినిమాలో బతుకుతెరువు కోసం పల్లె నుంచి నగరానికి వచ్చి భవన నిర్మాణ కూలీలుగా మారినవారిని చూపించాడు. హైదరాబాద్‌లో పుట్టిన దీపా ధన్‌రాజ్ 1986లో 'క్యా హువా ఇస్ షహర్ కో?' తీసింది. 1984లో హైదరాబాద్ పాతబస్తీలో జరిగిన మతకల్లోలాల వెనుక ఎవరి ప్రయోజనాలున్నాయో, ఇళ్లు, ప్రాణాలు పోగొట్టుకున్నది ఎవరో అది విడమరిచి చూపింది. 2002లో వచ్చిన 'కుబుసం' సినిమాలో గోరటి వెంకన్న పాట పల్లె ఎందుకు ఖాళీ అవుతోందో కొద్ది నిమిషాల్లో చెప్పి ప్రతి నోటా నిలిచింది.

2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలయ్యాక బస్తర్ ఊళ్ల నుంచి వేలాది మురియా ఆదివాసులు ఖమ్మం, వరంగల్ అడవుల్లోకి వచ్చి గుడిసెలు వేసుకున్నారు. ఇక్కడివారు వీరిని గుత్తికోయలు అంటారు. దేశం ఒకటే అయినా రాష్ట్రం మారడంతో ధ్రువపత్రాలు, భూమి, పిల్లల చదువు అన్నీ చిక్కుముడులయ్యాయి. వీరి భాష పత్రికలకు రాదు. ఈ లోటును గమనించి పాత్రికేయుడు శుభ్రాంశు చౌదరి 2010లో 'సీజీనెట్ స్వర' మొదలుపెట్టాడు. మామూలు ఫోన్ నుంచి గోండిలో చెప్పిన వార్తను రికార్డు చేసి అందరికీ వినిపించే వేదిక అది. కెమెరా లేకపోయినా గొంతు ఉంటే చాలని అది నిరూపించింది.

బాలాపూర్‌కు చేరిన కథ

మయన్మార్‌లో 1982 నాటి పౌరసత్వ చట్టం రోహింగ్యాలను దేశం లేనివారిగా మార్చింది. 2012 అల్లర్ల తర్వాత వచ్చినవారిలో కొందరు హైదరాబాద్ చేరారు. 2017 ఆగస్టు 25 తర్వాత సైనిక చర్యకు భయపడి 7 లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయారు. హైదరాబాద్‌లో ఉన్నవారు పాత సామాను ఏరుతూ, కూలి పనులు చేస్తూ బతుకుతున్నారు. కోవా వంటి స్వచ్ఛంద సంస్థలు వారి చదువు, ఆరోగ్యం కోసం పనిచేశాయి. వీరిని అక్రమంగా ప్రవేశించినవారిగానే కేంద్ర ప్రభుత్వం చూస్తోంది. వీరిని వెనక్కి పంపే విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఇంత వివాదం మధ్య వీరి గురించి తీసే ప్రతి చిత్రానికీ బాధ్యత ఎక్కువ.

ఆ బాధ్యతను మోసిన భారతీయుడు రాయిటర్స్ ఛాయాగ్రాహకుడు డానిష్ సిద్దిఖీ. 2017లో బంగ్లాదేశ్ తీరంలో పడవ దిగిన ఒక రోహింగ్యా స్త్రీ అలసి మోకాళ్ల మీద కూలబడి, అరచేత్తో నేలను తాకింది. ఆ క్షణాన్ని అతను పట్టుకున్నాడు. ఆ ఫొటో ఉన్న వరసకు రాయిటర్స్ బృందం 2018లో పులిట్జర్ బహుమతి అందుకుంది. మూడేళ్ల తర్వాత అఫ్గానిస్తాన్‌లో విధి నిర్వహణలోనే సిద్దిఖీ చనిపోయాడు.

మయన్మార్ దర్శకురాలు స్నో నిన్ ఈ హ్లైంగ్ 'మిడ్‌వైవ్స్' (2022) కోసం రఖైన్‌లో ఏళ్ల తరబడి చిత్రీకరించింది. బౌద్ధురాలైన ఒక మంత్రసాని, ఆమె దగ్గర పని నేర్చుకునే రోహింగ్యా యువతి కథ అది. వారి మధ్య చికాకూ ఉంది, ఆప్యాయతా ఉంది. ఒకే గదిలో ఇద్దరు స్త్రీలు ఎలా మసలుతున్నారో చూపిస్తూ దేశం చీలికను చెప్పడం ఆ సినిమా బలం. బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ శిబిరాల్లో రోహింగ్యా యువకులు తామే ఫోన్లతో, కెమెరాలతో ఫొటోలు తీసి 2022 నుంచి 'రోహింగ్యాటోగ్రాఫర్' అనే పత్రిక వెలువరిస్తున్నారు. అందులో కన్నీళ్లతో పాటు పెళ్లిళ్లు, వంటలు, వృద్ధుల ముఖాలు కూడా ఉంటాయి.

కెమెరా ఎవరి చేతిలో?

గత పదేళ్లలో ప్రపంచం మెచ్చిన శరణార్థి చిత్రాలను ఒక్కచోట పెట్టి చూస్తే, కెమెరా క్రమంగా చేతులు మారడం కనిపిస్తుంది. చైనా కళాకారుడు ఐ వేవే 2016లో లెస్‌బోస్ దీవి ఒడ్డున దొరికిన 14,000 లైఫ్ జాకెట్లను బెర్లిన్ కచేరీ భవనం స్తంభాలకు చుట్టాడు. 2017లో 23 దేశాల్లో తిరిగి 'హ్యూమన్ ఫ్లో' తీశాడు. ఆకాశం నుంచి చూసినప్పుడు శిబిరాలు చీమల బారుల్లా కనిపిస్తాయి. సమస్య ఎంత పెద్దదో దాని ద్వారా తెలుస్తుంది. జాన్‌ఫ్రాంకో రోసీ 'ఫైర్ ఎట్ సీ' (2016) ఇటలీలోని లాంపెదూసా దీవిలో స్థిరపడి, ఒక స్థానిక బాలుడి ఆటలనూ సముద్రంలో మునిగే పడవలనూ పక్కపక్కన పెట్టి బెర్లిన్‌లో గోల్డెన్ బేర్ గెలిచింది.

తర్వాత కెమెరా శరణార్థి చేతిలోకే వచ్చింది. తాలిబన్లు తల మీద వెల కట్టడంతో అఫ్గాన్ దర్శకుడు హసన్ ఫజీలీ భార్యాబిడ్డలతో పారిపోతూ మూడు మొబైల్ ఫోన్లతో 'మిడ్‌నైట్ ట్రావెలర్' (2019) తీశాడు. వాద్ అల్ కతీబ్ బాంబుల మధ్య అలెప్పోలో తన పాపను పెంచుతూ 'ఫర్ సమా' (2019) తీసింది. 'ఫ్లీ' (2021) డాక్యుమెంటరీలో కథానాయకుడి అసలు పేరు, ముఖం దాచడానికి దర్శకుడు యోనాస్ పోహెర్ రాస్ముస్సెన్ యానిమేషన్‌ను ఆశ్రయించాడు. భారతదేశంలో టిబెటన్ దర్శకుడు తెన్జింగ్ సోనమ్, రీతూ సరీన్ తమ చిత్రాలతో పాటు 2012లో ధర్మశాల అంతర్జాతీయ చిత్రోత్సవాన్ని మొదలుపెట్టి, శరణార్థుల ఊరినే సినిమా ఊరిగా మార్చారు.

ఈ మార్పుకు తెలుగు నేల మీద సమాంతరం జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్‌లో ఉంది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో చదువు అంతగా లేని దళిత మహిళా రైతులు వీడియో కెమెరా పట్టడం నేర్చుకుని తమ విత్తనాలు, తమ పొలాల మీద సినిమాలు తీశారు. 2008లో వారి సంఘం రేడియో గాలిలోకి వచ్చింది. కెమెరాను ఎంత ఎత్తులో పట్టాలన్న విషయంలో కూడా వారికి సొంత ఆలోచన ఉంది. నేల మీద కూర్చున్న కూలీని పై నుంచి చూసే కోణం దొరది, సమానంగా చూసే కోణం సంఘానిది అని వారు చెబుతారు. శరణార్థులను చిత్రించబోయే ఎవరికైనా ఇది మొదటి పాఠం కావాలి.

చిత్రం ఎంతసేపు నిలుస్తుంది?

ఒక చిత్రం ప్రపంచాన్ని కదిలిస్తుందా? 2015 సెప్టెంబరు 2న టర్కీ తీరంలో నిర్జీవంగా పడి ఉన్న మూడేళ్ల లోపు సిరియా బాలుడి ఫొటోను నిలూఫర్ దెమీర్ తీసింది. మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ స్లోవిక్ బృందం తర్వాత పరిశీలించినప్పుడు, ఆ వారంలో సిరియా శరణార్థుల కోసం స్వీడన్ రెడ్‌క్రాస్‌కు వచ్చిన విరాళాలు ఎన్నో రెట్లు పెరిగినట్టు తేలింది. కొన్ని వారాల్లోనే ఆ వెల్లువ తగ్గిపోయింది. ఒక్క ముఖానికి కరిగిన మనసు, అంకెల ముందు మొద్దుబారుతుందని స్లోవిక్ పరిశోధనలు చెబుతాయి. కాబట్టి ఒక్క ఫొటోతో ఆగకుండా, అదే కుటుంబాన్ని ఏడాది తర్వాత, అయిదేళ్ల తర్వాత మళ్లీ చూపించే ఓపికైన డాక్యుమెంటరీ అవసరమవుతుంది.

రెండో చిక్కు భద్రత. శరణార్థి ముఖం తెర మీద కనిపిస్తే అక్కడే మిగిలిపోయిన బంధువులకు ముప్పు రావచ్చు. ఇక్కడ అద్దెకిచ్చిన ఇంటి యజమాని భయపడవచ్చు. కాగితం మీద సంతకం తీసుకున్నంత మాత్రాన అనుమతి పూర్తవదు. సినిమా ఎక్కడెక్కడ చూపిస్తారో, ఇంటర్నెట్‌లో పెడితే ఏమవుతుందో వారి భాషలో చెప్పాలి. తయారైన చిత్రాన్ని ముందు వారికే చూపించి, వద్దన్న భాగాన్ని తీసేయాలి.

మూడోది గౌరవం. చిరిగిన బట్టలు, చాచిన చేతులు మాత్రమే చూపిస్తే చూసేవారిలో జాలి పుడుతుంది, పరిచయం పుట్టదు. ఆ మనిషికి వచ్చిన పని, పాడే పాట, చెప్పే సామెత, ఊళ్లో ఉన్నప్పటి హోదా చూపించినప్పుడు పక్కింటివాడిగా గుర్తుపడతారు.

చూపించే చోట్లు

ఇలాంటి చిత్రాలకు హైదరాబాద్‌లో వేదికలు లేకపోలేదు. బంజారాహిల్స్‌లోని లామకాన్ 2010 నుంచి డాక్యుమెంటరీలు, చర్చలు నిర్వహిస్తోంది. 2015లో మొదలైన ఇండియన్ ఫొటో ఫెస్టివల్ మాదాపూర్‌లోని స్టేట్ ఆర్ట్ గ్యాలరీకి ప్రపంచ ఛాయాచిత్రకారుల పనిని తెచ్చింది. పి. సాయినాథ్ 2014లో ప్రారంభించిన గ్రామీణ భారత భాండాగారం 'పరి' వలస కూలీల, నిర్వాసితుల కథనాలను, ఫొటోలను, లఘుచిత్రాలను తెలుగుతో సహా పలు భారతీయ భాషల్లో ఉచితంగా అందిస్తోంది.

నగరం దాటాక వేదికలు పలుచబడతాయి. అవసరం మాత్రం అక్కడే ఎక్కువ. చేవెళ్ల, మొయినాబాద్ మండలాల్లో పొలాలు ప్లాట్లవుతున్నాయి, కొత్త మనుషులు పని కోసం వస్తున్నారు, ఇక్కడి పిల్లలు విదేశాలకు వెళ్తున్నారు. ఒకే బడిలో స్థానికుల పిల్లలు, ఇతర రాష్ట్రాల కూలీల పిల్లలు పక్కపక్కన కూర్చునే కాలం ఇది. జూన్ 20న ప్రపంచ శరణార్థుల దినం వచ్చేసరికి తెలంగాణలో బడులు తెరిచి ఉంటాయి. ఒక తెల్లటి గోడ, ఒక ప్రొజెక్టర్, తెలుగులో వ్యాఖ్యానం చెప్పే ఒక ఉపాధ్యాయుడు ఉంటే 20 నిమిషాల చిత్రం చూపవచ్చు. ఆ తర్వాత పిల్లలను తమ ఇంట్లో ఎవరు ఏ ఊరి నుంచి వచ్చారో అడిగి రాసుకురమ్మనవచ్చు, పటం కథలాగా ఒక పొడవాటి కాగితం మీద గీయించవచ్చు. ఆ కాగితం మీద మూసీ వరద, శ్రీశైలం ముంపు, పాలమూరు వలస, దుబాయ్ విమానం అన్నీ వరసగా కనిపిస్తాయి. వాటి పక్కన బాలాపూర్‌కూ చోటు దొరుకుతుంది.

పెద్దవారి మాటలు నమోదు చేయడానికి సమయం తక్కువగా ఉంది. 1942లో పదేళ్ల వయసులో అమ్మానాన్నల వెంట బర్మా కొండలు దాటినవారికి ఇప్పుడు తొంభై దాటాయి. 1964లో ఓడ దిగిన యువకులు ఎనభైల్లో ఉన్నారు. 1981లో శ్రీశైలం ముంపు ఊళ్లు వదిలిన తల్లులు ఇప్పుడు మనవళ్ల ఇళ్లలో ఉన్నారు. ఆ మనవళ్ల జేబుల్లోని ఫోన్లలో కెమెరాలున్నాయి.